టెక్కలి వానకు ఏ టైరు?

టెక్కలిలో శీతాకాలపు టైర్లు ఎవరూ అమ్మరు. అమ్మినా కొనేవారుండరు. మాఘమాసపు చలిలో కూడా ఇక్కడి తారురోడ్డు టైరు రబ్బరు బిగుసుకుపోయేంత చల్లబడదు. అయినా ఆ మాట ఇప్పుడు ఉద్దానం ఇళ్లలో వినబడుతోంది. కెనడాకో జర్మనీకో చదువుకు వెళ్లిన పిల్లలు పాత కారొకటి కొనుక్కుని, మొదటి చలికాలం దగ్గరపడేసరికి ఇంటికి ఫోన్ చేస్తారు. "నాన్నా, టైర్లు మార్చాలంట" అంటారు. కారుకు టైర్లున్నాయి కదా, చలికి మళ్లీ వేరే టైర్లేమిటని ఇక్కడి పెద్దవాళ్లకు అంతుపట్టదు.

అంతుపట్టకపోవడానికి అందులో ఏమీ లేదు. సరిగ్గా అదే బేరం మే నెలాఖరులో టెక్కలి, పలాస టైర్ల షాపుల ముందు రోజూ జరుగుతుంది. చేతిలో ఉన్న డబ్బు తక్కువ. కొత్త టైరు కొనాలా, సెకండ్ హ్యాండ్‌ది వేయించాలా, రీబటన్ కొట్టించాలా, లేక ఉన్నదాన్నే ఇంకొన్నాళ్లు లాగాలా?

"బావా, ఇది ఇంకో రెండు నెల్లు లాగుతాదా?"

"లాగుతాది గానీ, వాన పడ్డాక మాత్రం నన్నడక్కు."

షాపువాడి ఆ రెండో మాటలోనే టైర్ల శాస్త్రమంతా ఉంది. టైరు ఎన్నాళ్లు లాగుతుందనేది ఒక ప్రశ్న, వానలో ఆగుతుందా లేదా అనేది వేరే ప్రశ్న. డబ్బు తక్కువైనప్పుడు మనం మొదటిదే అడుగుతాం. ప్రాణం ఆధారపడేది రెండోదాని మీద.

ముందు రబ్బరు సంగతి చూద్దాం. రబ్బరంటే పొడవాటి అణువుల గొలుసుల చిక్కు. పచ్చి రబ్బరు ఎండకు జిగురై కారుతుంది, చలికి పెళుసై విరుగుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ గొలుసుల మధ్య ముడులు పడి గట్టిపడుతుందని, సాగి మళ్లీ యథాస్థితికి వస్తుందని కనుక్కున్నాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ ఆ రబ్బరు గొట్టంలో గాలి నింపి కొడుకు మూడు చక్రాల సైకిలుకు బిగించాడు. ఆ తర్వాత వచ్చిన మెరుగులన్నీ ఈ రెండింటి మీద కట్టినవే.

రబ్బరు రోడ్డును రెండు విధాలుగా పట్టుకుంటుంది. ఒకటి, అణువుల స్థాయిలో రోడ్డుకు అతుక్కోవడం. రోడ్డు పొడిగా, శుభ్రంగా ఉంటేనే అది బాగా పనిచేస్తుంది. రెండోది, తారులో తేలిన కంకర మొనల చుట్టూ రబ్బరు నొక్కుకుపోయి, వాటిని దాటేటప్పుడు సాగి, ఆ శక్తిని వేడిగా మార్చేయడం. వానలో మొదటి పట్టు చాలావరకు పోతుంది. అప్పుడు రెండోదే దిక్కు. అది పనిచేయాలంటే రబ్బరు మెత్తగా, చురుగ్గా వంగాలి.

ఇక్కడే ఉష్ణోగ్రత వస్తుంది. పలాస వైపు జీడిపప్పు పాకం పట్టే ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. పొయ్యి మీద పాకం సాగుతుంది, పళ్లెంలో పోశాక కాసేపు వంగుతుంది, పూర్తిగా చల్లారాక పుటుక్కున విరుగుతుంది. లోపలున్న పదార్థం మారలేదు, అణువుల కదలికే మందగించింది. రబ్బరుదీ అదే కథ. ప్రతి రబ్బరు మిశ్రమానికీ అది గాజులా బిగుసుకుపోయే ఒక ఉష్ణోగ్రత ఉంటుంది. మామూలు టైరుకు అది సున్నా కంటే చాలా కిందే ఉన్నా, అంతకు ముందునుంచే అది మొండికేయడం మొదలుపెడుతుంది. టైర్ల కంపెనీలు ఆ హద్దును సుమారు 7 డిగ్రీల సెల్సియస్ అని చెబుతాయి. ఆ కిందికి వెళ్తే వేసవి టైరు రబ్బరు కంకర మొనల చుట్టూ నొక్కుకోలేదు, వాటి మీంచి జారిపోతుంది. రోడ్డు మీద మంచు చుక్క లేకపోయినా ఇది జరుగుతుంది. చాలామందికి తెలియనిది ఈ ముక్కే.

శీతాకాలపు టైరును ఆ చలిలోనూ మెత్తగా ఉండే మిశ్రమంతో చేస్తారు. దాని బటన్ల మీద సన్నని చీలికలు వందలకొద్దీ ఉంటాయి. చక్రం నేలను నొక్కినప్పుడు ఆ చీలికలు కాస్త విచ్చుకుని, వాటి అంచులు మంచును కొరికి పట్టుకుంటాయి. ఈ రకం టైర్లు కొత్తవేమీ కాదు. ఫిన్లాండ్‌కు చెందిన నోకియన్ కంపెనీ 1934లోనే లారీల కోసం మంచు టైరు చేసింది.

పిల్లలు ఫోన్‌లో అడిగే ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. అక్కడి షాపుల్లో మూడు మాటలు వినబడతాయి. ఆల్-సీజన్, ఆల్-వెదర్, వింటర్. మొదటి రెండూ ఒకేలా వినిపించినా ఒకటి కావు. టైరు పక్కభాగాన మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచు పువ్వు బొమ్మ ఉంటే ఆ టైరు మంచు పరీక్ష నెగ్గిందని అర్థం. ఆల్-వెదర్ టైర్లకు, వింటర్ టైర్లకు ఆ బొమ్మ ఉంటుంది. మామూలు ఆల్-సీజన్ టైరు మీద ఎక్కువగా ఉండేది ఎం, ఎస్ అనే అక్షరాలే. బురదకూ మంచుకూ పనికొస్తుందని కంపెనీ తనంతట తాను చెప్పుకోవడమే అది, దాని వెనుక పరీక్ష ఉండదు. జర్మనీలో శీతాకాలపు రోడ్ల మీద తప్పనిసరి టైర్ల కింద 2024 అక్టోబరు 1 నుంచి ఆ కొండ బొమ్మ ఉన్నవాటినే ఒప్పుకుంటున్నారు. కెనడాలోని క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా శీతాకాలపు టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఒంటారియోలో తప్పనిసరి కాదు గానీ, 2016 జనవరి నుంచి బీమా కంపెనీలన్నీ ఈ టైర్లు వేసుకున్నవారికి రాయితీ ఇచ్చి తీరాలి. అక్కడ చదువుకునే పిల్లలు బీమా కంపెనీని అడిగి మరీ ఆ రాయితీ తీసుకోవాలి.

ఒక హెచ్చరిక. ఆ బొమ్మకు పెట్టే పరీక్ష నొక్కుకుపోయిన మంచు మీద బండి లాగే బలాన్ని కొలుస్తుంది. అద్దంలా గడ్డకట్టిన ఐసు మీద ఆగగలదో లేదో ఆ బొమ్మ చెప్పదు. అందుకని నెలల తరబడి సున్నా కింద ఉండే కాల్గరీ, విన్నిపెగ్, మిన్నియాపొలిస్ లాంటి చోట్ల ఉండేవారికి నా మాట వింటర్ టైర్లే. ఖర్చు రెండింతలు కాదు. ఒక సెట్టు అటకెక్కినప్పుడు అది అరగదు కాబట్టి రెండు సెట్లూ ఎక్కువ కాలం వస్తాయి. నిజంగా అదనంగా పడేది రిమ్‌ల ఖర్చు, ఏడాదికి రెండుసార్లు మార్పించే కూలీ, దాచే చోటు. చలికాలంలో అప్పుడప్పుడే మంచు పడి, రోడ్లు వెంటనే శుభ్రం చేసే నగరంలో అద్దె గదిలో ఉండే విద్యార్థికి టైర్లు దాచుకునే చోటుండదు. అతనికి ఆల్-వెదర్ నాలుగు టైర్లు చాలు. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉంటే అసలీ చర్చే అక్కర్లేదు. ఎక్కడున్నా డబ్బు లేదని రెండు చక్రాలకే మంచు టైర్లు వేయించవద్దు. ముందు పట్టుకుని వెనక జారితే కారు బొంగరంలా తిరుగుతుంది. వేస్తే నాలుగూ వేయాలి.

ఆ మెత్తని వింటర్ టైరునే టెక్కలికి తెచ్చామనుకోండి. మే నెలలో గాలి వేడి 40 డిగ్రీలు దాటిన రోజున తారు ఉపరితలం 60 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో ఆ రబ్బరు మరీ మెత్తబడి, బటన్లు అటూఇటూ ఊగి, త్వరత్వరగా అరిగిపోతుంది. బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. అన్ని ఊళ్లకూ గొప్ప టైరు అనేది లేదు. ఆ రోడ్డు వేడికి, ఆ రోడ్డు మీది నీటికి తగినదే ఉంటుంది.

మన రోడ్డు సంగతికొస్తే, ఇక్కడ శత్రువు చలి కాదు, నీళ్లు. శ్రీకాకుళం తీరానికి వాన రెండు దఫాలుగా వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు. అవి వెనక్కు మళ్లుతుండగా అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతపు వాయుగుండాలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర, వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరిని నేలమట్టం చేసిన సంగతి ఇక్కడ పసిపిల్లలకూ తెలుసు. దానికి అయిదేళ్ల ముందు, 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను. అంటే టైరుకు పరీక్ష ఏడాదికి ఒకసారి కాదు, రెండుసార్లు.

నీళ్లలో టైరు చేసే పని ఎంతో లెక్కగట్టి చూద్దాం. నలుగురెక్కిన ఆటోలో ఒక్కో చక్రం మీద సుమారు 200 కిలోల బరువు పడుతుందనుకుందాం. టైరులో గాలి 30 పీఎస్ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోలు, ఆ బరువును మోయడానికి నేలను తాకాల్సిన రబ్బరు సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల పొడవు. మూడు చక్రాలకు అలాంటి మూడు ముక్కలు. డ్రైవరూ, ప్రయాణికులూ, సంచులూ, బుట్టలూ అందరి భారమూ ఆ మూడు ముక్కల మీదే.

ఇప్పుడు రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీళ్లున్నాయనుకోండి. ఆటో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది, అంటే సెకనుకు 11 మీటర్లు. పది సెంటీమీటర్ల వెడల్పున్న ఆ టైరు సెకనుకు 3 లీటర్లకు పైగా నీటిని తన దారిలోంచి తప్పించాలి. 16 సెంటీమీటర్ల వెడల్పున్న కారు టైరు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 11 లీటర్లు తప్పించాలి. ఆ నీళ్లు పోవడానికి ఉన్న దారులే టైరు మీది గాళ్లు. బటన్లు అరిగినకొద్దీ ఆ కాలవలు పూడిపోతాయి. నీళ్లు పోవడానికి దారి లేకపోతే అవి టైరు కింద చేరి దాన్ని పైకెత్తుతాయి. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా రోడ్డుకు కబురందదు.

దీన్ని మొదట గట్టిగా లెక్కలోకి తెచ్చింది విమానాలవాళ్లు. తడి రన్‌వేల మీద విమానాలు జారిపోతుంటే అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ అనే ఇంజనీర్లు పరీక్షలు చేసి 1963లో ఒక సూత్రం ప్రకటించారు. గాడుల లోతును మించి నీళ్లున్నప్పుడు టైరు తేలిపోయే వేగం దానిలోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. పీఎస్ఐ వర్గమూలాన్ని సుమారు 16.7తో గుణిస్తే గంటకు కిలోమీటర్లలో ఆ వేగం వస్తుంది. 30 పీఎస్ఐ ఉన్న కారు టైరుకు అది దాదాపు 91 కిలోమీటర్లు. అదే టైరులో గాలి 20కి పడిపోతే 75 కిలోమీటర్లకే తేలిపోతుంది. మన 16వ నంబరు జాతీయ రహదారి మీద 75 ఎవరికీ ఎక్కువ వేగంలా అనిపించదు. గాలి కొట్టించడానికి బద్ధకించినందుకు పడే జరిమానా ఆ 16 కిలోమీటర్ల తేడా.

బైకు టైరు గుండ్రంగా, సన్నగా ఉండి నీళ్లను కోసుకుపోతుంది, అంత తేలిగ్గా తేలదు. లారీ టైరులో గాలి ఒత్తిడి చాలా ఎక్కువ కాబట్టి అదీ అంత తేలిగ్గా తేలదు. అంతమాత్రాన వాటికి భయం లేదని కాదు. టైరు పూర్తిగా తేలకముందే పట్టు సగానికి పడిపోవచ్చు. పొడి రోడ్డు మీద మంచి టైరుతో 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే బండి 20 మీటర్లలో ఆగుతుందనుకుంటే, పట్టు సగమైనప్పుడు అది 40 మీటర్లు జారుతుంది. బ్రేకు మీద కాలు పడేదాకా గడిచిన క్షణాన్ని ఇందులో కలపలేదు.

అన్నింటికన్నా మోసం చేసేది కుంభవృష్టి కాదు, తొలకరి జల్లు. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఇంజన్ ఆయిలు మరకలు, టైర్ల నుంచి రాలిన రబ్బరు పొడి, దుమ్ము ఆ కొద్దిపాటి నీటితో కలిసి జారుడు పూతగా మారతాయి. టెక్కలి చుట్టుపక్కల దీనికి రాతి పొడి తోడవుతుంది. ఇక్కడి నీలి గ్రానైట్‌కు దేశం బయట కూడా పేరుంది, ఆ దిమ్మలు మోసుకెళ్లే లారీలు తిరిగే రోడ్లివి. ఉద్దానం లోపలి దారుల్లో ట్రాక్టర్ల చక్రాలతో తారు మీదికి వచ్చే ఎర్రమట్టి. పంట కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం గింజలు. గట్టి వాన ఒక గంట పడితే ఇవన్నీ కొట్టుకుపోయి పట్టు కొంత తిరిగి వస్తుంది. మొదటి పావుగంటే ప్రమాదం. ఆ పావుగంట ఆగగలిగినవారు ఏ టీ కొట్టు దగ్గరో ఆగడం మంచిది.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం కార్లు, లారీలు, బస్సుల టైర్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, రెండు, మూడు చక్రాల బండ్లకు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. దీన్ని కొలవడానికి పరికరమేమీ అక్కర్లేదు. టైరు పక్కభాగాన అంచు దగ్గర టీడబ్ల్యూఐ అనే అక్షరాలో, చిన్న త్రికోణమో కనిపిస్తుంది. దానికి సూటిగా పైకి వెళ్లి గాడిలో వేలు పెట్టి తడిమితే అడుగున చిన్న గట్టు తగులుతుంది. బటను అరిగి ఆ గట్టుతో సమానమైతే చట్టప్రకారం ఆ టైరు పని అయిపోయినట్టే. ఒకే చోట చూసి ఊరుకోవద్దు. లోపలి వైపు ఎక్కువ అరిగి బయటి వైపు బాగున్న టైర్లు చాలా ఉంటాయి, బండి కిందికి తల పెట్టి చూస్తే గానీ తెలియవు.

ఆ 1.6 కూడా చట్టం గీసిన కనీసపు గీత మాత్రమే. వానలో కారుకైనా, చిన్న సరకు బండికైనా 3 మిల్లీమీటర్లు నేను పెట్టుకునే హద్దు. ఈ హద్దుతో సెకండ్ హ్యాండ్ టైరు లెక్క చూడండి. కొత్త టైరుకు 8 మిల్లీమీటర్ల గాడి ఉండి ధర 2000 రూపాయలనుకుందాం. 3 దాకా వాడితే మనకు దక్కేది 5 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు 400 రూపాయలు. సగం అరిగి 4 మిల్లీమీటర్లు మిగిలిన పాత టైరును 1000 రూపాయలకు ఇస్తానంటే సగం ధరకే వస్తోందని సంబరపడతాం. కానీ వానకు పనికొచ్చేది అందులో ఒక్క మిల్లీమీటరే. ఆ మిల్లీమీటరు ఖరీదు 1000 రూపాయలు! చట్టం గీతదాకా ఈడ్చినా కొత్తది మిల్లీమీటరుకు 312, పాతది 417 పడుతుంది. 400 రూపాయల కంటే తక్కువకు వస్తే తప్ప ఆ పాత టైరు చవక కాదు. పేదవాడి జేబు నుంచి ఎక్కువ డబ్బు లాగేది ఈ సగం ధర బేరాలే. దాని లోపలి నూలు పొరలు ఎన్ని గోతులు చూశాయో పైకి కనబడదు, ఆ భయం వేరే.

రీబటన్ సంగతి అలా కాదు. ఆ మాట వినగానే మొహం చిట్లించేవారున్నారు గానీ, సరిగ్గా చేసిన రీబటన్‌ను నేను తక్కువ చేయను. టైరు ఖర్చులో పెద్ద భాగం దాని ఒంటిది, అంటే లోపలి తీగల, నూలు పొరల చట్రానిది. ఆ ఒళ్లు గట్టిగా ఉంటే పైన అరిగిన తోలు చెక్కేసి కొత్త రబ్బరు పరిచి ఉడికించడంలో తప్పేమీ లేదు. విమానాల టైర్లకు కూడా ఒకటికి నాలుగుసార్లు ఇలాగే చేస్తారు. 1946లో మద్రాసులో బొమ్మ బెలూన్లు చేస్తూ మొదలైన ఎమ్మారెఫ్, 1952లో రబ్బరు వ్యాపారంలో వేసిన పెద్ద అడుగు ఈ రీబటన్‌కు వాడే ట్రెడ్ రబ్బరే. సొంత టైరును, గాలి తగ్గించి నడపని టైరును, పక్కభాగం ఉబ్బూ కోతా లేని టైరును ఇచ్చి చేయించుకుంటే లారీకి లాభమే. ఎవరిదో ఒళ్లు, ఎవరో వేసిన తోలు కొంటేనే చిక్కు. రోడ్డు పక్కన రబ్బరు పట్టీలు చీలికలుగా పడి ఉంటే అవన్నీ రీబటన్ ఊడినవేనని అనుకుంటాం. 2008లో అమెరికాలో ఆ ముక్కలను ఏరి పరీక్షిస్తే కొత్త టైర్లయినా రీబటన్‌వైనా ఊడిపోవడానికి పెద్ద కారణాలు గాలి తక్కువై వేడెక్కడం, రోడ్డు మీద గుచ్చుకున్నవి అని తేలింది. ఒక్క నియమం మాత్రం తప్పకూడదు. లారీ ముందు ఇరుసుకు రీబటన్ వేయవద్దు.

కొత్త టైరు కొనేవారికి ఒక చిక్కుంది. షాపులో ఎక్కువగా వినబడే మాట "ఇది ఎక్కువ కిలోమీటర్లు వస్తాది". ఎక్కువ రావాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి. తడిలో పట్టాలంటే మెత్తగా ఉండాలి. డీజిలు ఆదా కావాలంటే దొర్లేటప్పుడు తక్కువ వేడెక్కాలి. ఈ మూడింటిలో ఒకదాన్ని లాగితే ఇంకొకటి జారుతుంది. 1992లో మిషెలిన్ కంపెనీ మసిపొడితో పాటు సిలికాను కలిపి ఈ ముడిని కొంత విప్పింది. తడి పట్టూ పెరిగింది, ఇంధనమూ మిగిలింది. 2022లో మన కేంద్ర రోడ్డు రవాణా శాఖ కార్లు, లారీలు, బస్సుల టైర్లకు ఏఐఎస్-142 ప్రమాణం కింద తడి పట్టు పరీక్షను తెచ్చింది. ఆటోలకు, బైకులకు అలాంటి అండ లేదు. ఈ ప్రాంతంలో ఎక్కువమంది తిరిగేది వాటి మీదే కాబట్టి ఇది చిన్న లోటు కాదు. ఆటో టైరు కొనేటప్పుడు కిలోమీటర్ల మాటతో పాటు తడి పట్టు గురించి కూడా అడగాలి, మధ్యలో లోతైన నిలువు గాళ్లున్న నమూనా చూసుకోవాలి.

టైరు పుట్టినరోజు కూడా చూడాలి. పక్కభాగాన ఒక చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం. ఉద్దానంలో దీని అవసరం మరీ ఎక్కువ. ఇక్కడి కుర్రాళ్లు చాలామంది పనికోసం దూర రాష్ట్రాలకో గల్ఫ్‌కో వెళ్లి, పండక్కో పెళ్లికో ఊరొస్తారు. వాళ్ల బైకు పది నెలలు పెరట్లో నిలబడి ఉంటుంది. బటను నిండుగా ఉంటుంది కాబట్టి టైరు కొత్తదే అనుకుంటారు. రబ్బరులో కలిపిన మైనం టైరు తిరుగుతున్నప్పుడే పైకి ఊరి దాన్ని కాపాడుతుంది. నిలబడిపోతే ఎండ, గాలిలోని ఓజోను దాన్ని తినేసి సన్నని పగుళ్లు వేస్తాయి, రబ్బరు బిగుసుకుపోతుంది. అలాంటి టైరును గోటితో నొక్కితే దిగదు. చాలా కంపెనీలు అయిదేళ్ల తర్వాత ఏటా పరీక్ష చేయించమని, పదేళ్లు దాటితే బటను ఎంతున్నా మార్చమని చెబుతాయి. ఊరొచ్చిన రోజున బండి తీసే ముందు టైర్లు ఒకసారి చేత్తో తడమండి.

సముద్రం పక్కన ఇంకో బాధ ఉంది. నౌపడా ఉప్పు మళ్ల మీదుగా, భావనపాడు రేవు మీదుగా వచ్చే ఉప్పుగాలికి ఇనుప రిమ్ములు తొందరగా తుప్పు పడతాయి. ట్యూబ్‌లెస్ టైరులో గాలిని ఆపేది టైరు అంచూ రిమ్మూ కలిసే చోటే. అక్కడ తుప్పు పొక్కులుంటే పంచరు లేకుండానే వారానికి కొంత గాలి పోతుంది. టైరు మార్చేటప్పుడు రిమ్ము అంచు గీకించి, రంగు వేయించడం చాలా చవకైన పని. వారానికోసారి, బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించాలి. నైట్రోజను కోసం అదనంగా ఇవ్వక్కర్లేదు. మామూలు గాలిలో 78 శాతం అదే.

ఒకేసారి అన్ని టైర్లూ కొనలేని కారువాళ్లు రెండు కొత్తవి తీసుకుంటే వెనక్కు వేయించాలి. ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి సరిదిద్దుకోవచ్చు, వెనకవి జారితే కారు అడ్డం తిరుగుతుంది. ఆటోకు ముందున్నది ఒకే చక్రం, మలుపు భారమంతా దానిదే. వెనక అరిగిన టైరును ముందుకు తెచ్చి బిగించే అలవాటు మానుకోవాలి. బైకుకు రెండూ ముఖ్యమే.

ఈ ప్రాంతంలో దీన్ని ఇంత పట్టుబట్టి చెప్పడానికి ఒక కారణముంది. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి రాష్ట్రమంతా విన్నది. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల నుంచి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాల్సినవారున్నారు. సోంపేటకో, పలాసకో, టెక్కలికో వాళ్లు వెళ్లేది చాలాసార్లు ఆటోలోనే. వాన ఆగాక వెళ్దామనే వెసులుబాటు వాళ్లకు లేదు. వాళ్లను ఎక్కించుకునే ఆటోకు ఏ టైరుందన్నది ఆ డ్రైవరు ఒక్కడి జేబు విషయం కాదు. రోగుల ప్రయాణానికి సాయం చేసే దాతలు, సంఘాలు డీజిలు ఖర్చుతో పాటు ఏడాదికోసారి ఆటోకు టైర్లు వేయిస్తే, ఆ సాయం వానాకాలమంతా పనిచేస్తుంది.

కొనే రోజు గురించి ఒక మాట. కొత్త టైరు అచ్చు నుంచి వచ్చేటప్పుడు పైన సన్నని నునుపు పొర ఉంటుంది. మొదటి వంద, నూట యాభై కిలోమీటర్లు నడిచి అది అరిగేదాకా పట్టు పూర్తిగా రాదు. వానలో జారి భయపడి మర్నాడు టైరు వేయించుకున్నవాడు మళ్లీ ఆ నునుపుతోనే తడి రోడ్డెక్కుతాడు. కొనేదేదో మే నెలలో, రోడ్లు పొడిగా ఉండగానే కొనండి. అక్టోబరు వాయుగుండాలకు మళ్లీ సెప్టెంబరులో ఒకసారి గాడిలో వేలు పెట్టి చూసుకోండి.